కాళ్లు కడిగిన నీళ్లు

మా అన్నయ్య పెద్దకర్మ నాడు భోజనాల పందిట్లో నా పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి ఒకాయన, పప్పులో నెయ్యి కలుపుకుంటూ తీరిగ్గా అన్నాడు: "ఏమన్నా అనండమ్మా, మీ శీను అదృష్టవంతుడు. ఆ రోజుల్లో మతి చెడి తిరుగుతుంటే అయ్యప్పే దారిలో పెట్టాడు. సాంబయ్య గారు పిలిచి భిక్ష పెట్టబట్టి మళ్లీ మనిషయ్యాడు. ఎంత పుణ్యాత్ముడండీ ఆయన!" నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సాంబయ్య పుణ్యాత్ముడా? మా పెద్దచేను మింగి త్రేన్చిన సాంబయ్యా? విస్తరి ముందు నుంచి లేచిపోయాను. చావింట్లో అన్నం ముందు నుంచి లేవకూడదని నాకూ తెలుసు. మా వదిన పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని, "ఇవాళొక్క రోజు ఊరుకో అమ్మాయ్, మీ అన్నయ్య పేరు మీద తింటున్న అన్నం" అంది. ఊరుకోలేదు. అందరూ వింటుండగానే ఆయనతో, "మీరు తినండి, మీకు అరుగుతుంది" అని చెప్పి బయటికొచ్చేశాను.

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నా కొడుకు బీపీ మాత్రలు చూపించి మరీ అంటాడు. ఎక్కువే, కాదనను. అయితే ఆ కోపంలో సగం నాది కాదు. అన్నయ్య దించుకుని వెళ్లిన బరువు అది. ఎవరో ఒకరు మొయ్యాలి కదా అని నేను ఎత్తుకున్నాను. వాడు బతికున్నంత కాలం ఒక్క సంగతి మాత్రం నోట్లోనే అదిమిపెట్టుకున్నాను, వాడి మనసు మళ్లీ చెదిరిపోతుందని. ఇప్పుడు వాడు లేడు. ఇక అదిమిపెట్టుకోవలసిన పని లేదు.

చీరాల నుంచి పడమరగా పోతే ఇసుక నేలలు తగ్గి నల్లరేగడి మొదలవుతుంది. మా ఊరు ఆ రేగడిలో ఉంది. ఊరికి ఉత్తరాన మా పెద్దచేను. మా తాత బావమరుదులతో పోట్లాడి, జొన్నన్నం తిని, చొక్కా లేకుండా తిరిగి సంపాదించిన చేను అది. వాన పడ్డాక ఆ చేలో నాలుగడుగులు వేస్తే మట్టి కాళ్లకు పట్టుకుని మడమల కింద ఇంకో మడమ మొలిచినట్టుండేది. అందుకే మా ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి అందరికంటే ఎక్కువగా వినిపించే మాట, "కాళ్లు కడుక్కుని రా." అరుగు పక్కన సిమెంటు గాబు, దాని మీద వంకరపోయిన ఇత్తడి చెంబు. అమ్మ మజ్జిగ చిలుకుతూ కూడా ఓ కన్ను గాబు మీదే వేసి ఉంచేది. నాన్నకి ఇంకో పట్టింపు. చేలో నుంచి వచ్చిన కాళ్లు కడిగిన నీళ్లు కాలవలోకి పోకూడదు. కింద బేసిను పెట్టి కడుక్కుని, ఆ నీళ్లు తీసుకెళ్లి కరివేపాకు మొక్కకో బంతి మొక్కలకో పోసేవాడు. "అన్నం పెట్టే మట్టిని మురిక్కాలవలో కలుపుతామేంటే?" అనేవాడు. ఎవరన్నా మరిచిపోయి కాలవలోకి ఒంపితే ఇల్లెగిరిపోయేది. మా పెరట్లో కరివేపాకు అంత ఏపుగా పెరగడానికి కారణం అదేనని ఆయన నమ్మకం.

ఆ ఇంటికి కాలాన్ని బట్టి వాసన మారేది. మాఘం వచ్చిందంటే కల్లంలో మిరపకాయలు పరిచేవాళ్లు. ఊరు ఊరంతా తుమ్ముతూ, దగ్గుతూ, కళ్లు నలుపుకుంటూ తిరిగేది. అమ్మ పండుమిరపకాయలు రోట్లో వేసి చింతపండు పెట్టి దంచుతుంటే వీధి చివర నుంచే నోట్లో నీళ్లూరేవి. పొన్నూరు నుంచి మా మేనమామ వస్తే ఆ పచ్చడితో అన్నం తిని, చెవుల వెంట పొగలొస్తున్నా ఆపకుండా, "మీ మెట్టోళ్ల నాలుకలు తోలుతో చేశార్రా" అనేవాడు. పత్తి రోజుల్లో వాసన వేరు. పురుగుమందు వాసన. నాన్న తువ్వాలులో, అన్నయ్య జుట్టులో, గేదెల పాలలో కూడా అదే ఉందనిపించేది నాకు. మందు కొట్టిన రోజు వాళ్లిద్దరి బట్టలూ అమ్మ విడిగా ఉతికేది. పళ్లెం ముందు కూర్చోబోతుంటే "చేతులు చూపించండి" అని ఇద్దరి అరచేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. ఏమాత్రం అనుమానమొచ్చినా మళ్లీ గాబు దగ్గరికి తోలేది. పాతికేళ్ల కొడుకు, యాభై దాటిన మొగుడు, పసిపిల్లల్లా చేతులు చాపి నిలబడేవాళ్లు. నేను నవ్వితే అన్నయ్య నెత్తిమీద మొట్టికాయ వేసేవాడు. "నవ్వు నవ్వు, నీ మొగుణ్ణి మీ అత్త వాసన చూస్తుంది చూడు" అనేవాడు.

పత్తి మా ఊరివాళ్లకి మొదట్లో బంగారమే. మిద్దెలు లేచాయి, మెడలోకి గొలుసులొచ్చాయి. పత్తితోపాటు పురుగుమందుల కొట్టూ వచ్చింది. సాంబయ్యది మా ఊరే. మా నాన్నని "బావా" అని పిలిచేవాడు, మేం వాణ్ణి "సాంబయ్య మామా" అనేవాళ్లం. ఇప్పుడు 'వాడు' అని రాస్తున్నందుకు ఎవరికైనా కష్టంగా ఉంటే ఉండనివ్వండి. విత్తనం వాడి దగ్గరే, ఎరువు వాడి దగ్గరే, మందు వాడి దగ్గరే. పండిన పత్తి మళ్లీ వాడి కాటా మీదకే. మధ్యలో డబ్బు అనేది కళ్లబడేది కాదు, అంతా నోటిమాట మీదే జరిగిపోయేది.

ఇక్కడ మావాళ్ల తెలివితక్కువతనం కూడా చెప్పాలి. పక్కచేలో మందు కొట్టారంటే అక్కడి పురుగు పారిపోయి మన చేలోకి వస్తుందని ఊరందరికీ ఓ గట్టి నమ్మకం. అందుకని ఒకడు డబ్బా భుజానికెత్తితే చాలు, గట్టు ఇవతలివాడు పరుగున కొట్టుకి పోయేవాడు. వాణ్ణి చూసి వాడి పక్కవాడు. పొద్దున ఊరికి అటు చివర మొదలైన మందు సాయంత్రానికి ఇటు చివరకొచ్చేది. చేలో పురుగుందా లేదా అని ఆకు తిరగేసి చూసే ఓపిక ఎవరికీ లేదు. తెల్లదోమ వచ్చిన ఏడాది ఈ పరుగు పిచ్చిగా మారింది. ఆకుల అడుగున తెల్లగా పిండి చల్లినట్టు దోమ. చేతితో తడితే గుప్పున లేచి కళ్లలో, ముక్కులో పడేది. ఆకులు జిగటగా తయారై, ఆ జిగట మీద మసి పట్టి, చేనంతా కాలిపోయినట్టుండేది. కొట్టినకొద్దీ దోమ పెరిగింది. నాన్న ఒక మందు పనిచెయ్యలేదంటే సాంబయ్య ఇంకోటిచ్చాడు. అదీ పనిచెయ్యలేదంటే, "రెండూ కలిపి కొట్టు బావా, చిటికెలో పోద్ది" అన్నాడు. రెండు మందులు కలిపి కొట్టారు. మూడు కలిపి కొట్టారు. మంచి పురుగులన్నీ చచ్చి దోమకి అడ్డు లేకుండా పోయిందని తర్వాత్తర్వాత వచ్చిన సైంటిస్టులు చెప్పారు. అప్పటికి ఎవరు చెప్పారు? చెప్పాల్సినవాడు కొట్టులో కూర్చుని అమ్ముకుంటున్నాడాయె. ఆ ఏడు మా పెద్దచేలో అమ్మ ఒడి కట్టుకుని పత్తి తియ్యబోతే వేళ్లకు బంక అంటుకుంది తప్ప పత్తి రాలేదు. సాంబయ్య కొట్లో బాకీ మాత్రం కొండలా పెరిగింది.

అప్పుడే మా వైపు అయ్యప్ప మాలలు కొత్తగా ఊపందుకున్నాయి. కార్తీకం వచ్చేసరికి ఊళ్లో నల్లబట్టలు కనిపించేవి. మాల వేసుకున్నవాణ్ణి వయసూ వరసా చూడకుండా అందరూ "స్వామీ" అనాలి, ఎదురుపడితే దణ్ణం పెట్టాలి. చెప్పులుండకూడదు, కోపం తెచ్చుకోకూడదు, అబద్ధం ఆడకూడదు. మా ఊళ్లో అందరికంటే ముందు మాల వేసుకున్నవాడు సాంబయ్యే. నేనప్పుడు చీరాలలో డిగ్రీ చదువుతున్నాను. ఓ సాయంత్రం బస్సు దిగి వస్తుంటే కొట్టు ముందు నాన్న నిలబడి కనిపించాడు. నేనూ ఆగాను. లోపల సాంబయ్య నల్ల పంచె, నల్ల కండువా, నుదుట ఇంత గంధం. గల్లాపెట్టె మీద అగరొత్తులు వెలుగుతున్నాయి. అగరొత్తుల వాసన, పురుగుమందు వాసన ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కలిసి పెరిగిన మనిషిని మా నాన్న చేతులు జోడించి పిలిచాడు.

"స్వామీ, ఇంకొక్క పంట ఆగండి. వచ్చే ఏడు మిరప వేస్తాను. చేను మాత్రం వదిలెయ్యండి."

సాంబయ్య కళ్లు సగం మూసి, మెడలో పూసలు పట్టుకుని, ఎంతో మెత్తగా అన్నాడు: "మాలలో ఉన్నాను స్వామీ, అబద్ధం ఆడకూడదు. ఉన్నమాటే చెబుతున్నా. ఆగితే నువ్వింకా మునుగుతావు. చేను రాసిచ్చెయ్. నీ మంచికే చెబుతున్నా. స్వామి శరణం."

మామూలుగా అయితే నాన్న గొంతు ఊరవతలికి వినిపించేది. వాడి అమ్మనీ అబ్బనీ తిట్టి, కొట్టు మీద మన్ను పోసి వచ్చేవాడు. కానీ ఎదురుగా మాల ఉంది. మాలలో ఉన్నవాణ్ణి తిడితే దేవుణ్ణి తిట్టినట్టే. కనీసం ఆ తిట్టే సుఖం కూడా మా నాన్నకి దక్కనివ్వలేదు. ఆ తెలివికి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాన్న వంగి వాడి కాళ్లకి దణ్ణం పెట్టి ఇంటికొచ్చాడు. వేసవిలో చేను రిజిస్ట్రేషన్ అయిపోయింది. అప్పట్నుంచి మిరపకాయలు కొట్లో కొనుక్కునే రోజులొచ్చాయి మాకు. అమ్మ ఆ పొట్లం కొంగు కింద దాచుకుని తెచ్చేది, దొంగసొత్తు తెచ్చినట్టు.

అన్నయ్యకి ఏమైందో ఆ ఏడు తొలకరి రోజున తెలిసింది. వాన పడి మట్టి వాసన లేచింది. చేనుందో లేదో ఆలోచించే పని ఒంటికి అలవాటు లేదు. వాడు పొద్దున్నే లేచి, ఎడ్లను కట్టి, గుంటక వేసుకుని తిన్నగా పెద్దచేనుకి వెళ్లిపోయాడు. మేమూ ఆపలేదు. నిజం చెప్పొద్దూ, ఎవరికీ తోచనే లేదు. అమ్మ సద్దిమూట కూడా కట్టిచ్చింది. గట్టు మీద కొత్త కౌలుదారు నిలబడి ఉన్నాడట. "ఏరా శీనా, ఇది మీది కాదుగా ఇప్పుడు! ఎటొచ్చావురా?" అన్నాడట. ఎగతాళికి కాదు, ఆశ్చర్యపడి అన్నాడు. అన్నయ్య తిరిగొచ్చాడు. కాడి విప్పలేదు. ఎడ్లను అలాగే మా వాకిట్లో నిలబెట్టి, వాటి పక్కన తనూ నిలబడ్డాడు. మధ్యాహ్నమైంది, ఎండ దిగింది. ఎడ్లు నురగలు కక్కుతుంటే నాన్న వచ్చి కాడి దించాడు. ఆ రోజు నుంచి వాడు మాట్లాడ్డం మానేశాడు. తింటే తినేవాడు, లేకపోతే లేదు. పొద్దున్నే బావి దగ్గర రాయి ముందు కూర్చుని మచ్చుకత్తి నూరేవాడు. దాంతో పత్తికట్టె నరికేవాళ్లం. ఇప్పుడు నరకడానికి పత్తికట్టె లేదు. మరి ఎవరి కోసం నూరుతున్నాడో ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కరం కూడా పైకి అనలేదు. సాంబయ్యకీ తెలిసింది, మా వీధిలోంచి రావడం మానేశాడు.

ఎవరు ఏం చెబితే అది చేసింది అమ్మ. తాయెత్తు కట్టించింది. గుంటూరు తీసుకెళ్లి డాక్టరుకి చూపిస్తే నిద్రమాత్రలిచ్చాడు. మాత్రలేసుకుని పడుకుని లేచి మళ్లీ కత్తి నూరేవాడు. వాడరేవులో సముద్రస్నానం చేయిస్తే పీడ పోతుందన్నారు. తీసుకెళ్లాం. ఎండుచేపల వాసనలోంచి నడిపించుకుంటూ వెళ్లి నీళ్లలో దింపితే, అలలు నెత్తి మీంచి పోతున్నా కళ్లు మూయకుండా నిలబడ్డాడు. ఒడ్డున సరదాగా వచ్చినవాళ్లు వాడి వంక చూసి నవ్వుకుంటున్నారు. చెప్పు తీద్దామనుకున్నాను. పొన్నూరు నుంచి మేనమామ బియ్యం బస్తాతోపాటు సలహా కూడా తెచ్చాడు: "గ్రహచారం అక్కా. పెళ్లి చెయ్, అదే సర్దుకుంటుంది." అమ్మ బియ్యం ఉంచుకుని సలహాని వెనక్కి పంపింది. "కత్తి నూరేవాడి పక్కకి ఎవరి పిల్లని తోలమంటావురా, నీ పిల్లనిస్తావా?" అని అడిగేసరికి ఆయన మజ్జిగ కూడా తాగకుండా బస్సెక్కాడు.

మళ్లీ కార్తీకం వచ్చింది. ఓ పొద్దున అమ్మ తలస్నానం చేసి, తులసిపూసల మాల కొని తెచ్చి, అన్నయ్య ముందు నిలబడి, "వేస్తాను, వేసుకుంటావా?" అని అడిగింది. నాన్న అరుగు మీంచి గయ్యిమన్నాడు.

"సాంబయ్య గాడు వేసుకున్న మాల నా కొడుకు మెళ్లో వేస్తావంటే? నీకు సిగ్గుందా?"

"మాల వాడబ్బ సొత్తా?" అంది అమ్మ. "చేను రాయించుకున్నాడు. అయ్యప్పని కూడా వాడి పేర రాయించుకున్నాడా?"

తల్లి చేతుల మీదుగా మాల వేసుకోవచ్చని పూజారి కూడా చెప్పాడు. అన్నయ్య చన్నీళ్ల స్నానం చేసి వచ్చి తల వంచాడు. నల్ల పంచెలో వాడి ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. అమ్మ ఆ రోజు వాడి అరచేతులు తీసుకుని వాసన చూసింది, అలవాటుగానో కావాలనో. "గంధం వాసనొస్తోంది" అని ఏడ్చింది. కత్తి నూరడం ఆపాడు. కానీ దాన్ని పశువులపాక చూరులోనే ఉంచాడు. నేను రోజూ కాలేజీకి వెళ్లేముందు పాకలోకి తొంగిచూసి, అది ఉందని చూసుకుని వెళ్లేదాన్ని. వాడు నిజంగా దేవుడి కోసమే మాల వేసుకున్నాడో, లేక సాంబయ్య పక్కన చేరడానికి వేసుకున్నాడో మాకెవ్వరికీ తెలియదు. ఊళ్లో స్వాములందరూ ఒకే పందిట్లో ఉంటారు మరి. ఆ ఏడూ మాల వేసుకున్న సాంబయ్య మాత్రం ఇంట్లో పూజ ఉందనీ, నలతగా ఉందనీ పందిరి వైపు రావడం తగ్గించాడు.

అయితే భిక్ష ఒకటుంది. గురుస్వామి అనిపించుకున్నవాడు, అంటే మా ఊళ్లో సాంబయ్య, ఓ రోజు స్వాములందరికీ ఇంట్లో అన్నం పెట్టాలి. ఊళ్లో మాల వేసుకున్నవాళ్లలో ఏ ఒక్కరినీ పిలవకుండా ఉండకూడదు. పిలిచినవాళ్లని గుమ్మంలో కూర్చోబెట్టి, పళ్లెంలో కాళ్లు కడిగి, ఆ నీళ్లు నెత్తిన చల్లుకోవాలి. కొత్తగా మాల వేసుకున్న కన్నెస్వామికైతే మరీనూ. సాంబయ్య తప్పించుకోవడానికి దారి లేదు. వాడి మనిషి వచ్చి మా వాకిట్లో నిలబడి, "స్వామీ, రేపు భిక్షకి రావాలి" అని గబగబా చెప్పి వెళ్లిపోయాడు. అన్నయ్య తలూపాడు.

మర్నాడు నేను కాలేజీకి వెళ్లలేదు. పాకలోకి వెళ్లి చూస్తే చూరులో కత్తి లేదు. అన్నయ్యా లేడు. అమ్మకి చెబితే, చేతిలో చేటని అక్కడే పడేసి చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది. నాన్న రాలేదు. గోడకేసి తిరిగి కూర్చున్నాడు. మేమిద్దరం సాంబయ్య ఇంటికి పరుగెత్తేసరికి స్వాములందరూ బల్ల మీద వరసగా కూర్చున్నారు. ఆడవాళ్లం గుమ్మం పక్కన గుంపుగా నిలబడ్డాం. అన్నయ్య చోటు ఖాళీగా ఉంది. సాంబయ్య ముఖంలో అప్పటిదాకా లేని వెలుగొచ్చింది. ఒక్కొక్కరి కాళ్లూ కడుగుతున్నాడు, పెళ్లాం చెంబుతో నీళ్లు పోస్తోంది, ఒక్కొక్కరి నీళ్లూ దోసిట్లోకి తీసుకుని నెత్తిన చల్లుకుంటున్నాడు.

అప్పుడొచ్చాడు మా అన్నయ్య. ముందు రోజు వాన పడింది. వాడు పెద్దచేలోంచి అడ్డంగా నడిచి వచ్చాడు. పాదాలు కనబడ్డంలేదు. మోకాళ్ల దాకా నల్లరేగడి, వేళ్ల సందుల్లో రేగడి, మడమల కింద ముద్దలు ముద్దలుగా రేగడి. చేతులు ఖాళీగా ఉన్నాయి. అమ్మ నా భుజం మీద వాలిపోయింది. వాడొచ్చి ఖాళీగా ఉన్న చోట కూర్చుని, కాళ్లు పళ్లెంలో పెట్టాడు. అంతే.

సాంబయ్య కూర్చున్నాడు. కూర్చోక ఏం చేస్తాడు, ఊరంతా చూస్తుంటే! వాడి పెళ్లాం నీళ్లు పోసింది. మా మట్టి అంత తేలిగ్గా వదలదు. మళ్లీ పోసింది. వాడు గోళ్లతో వేళ్ల సందుల్లోంచి తియ్యాల్సి వచ్చింది. గంధం పూసుకున్న చేతులు మణికట్టు దాకా నల్లబడ్డాయి. పళ్లెంలో నీళ్లు చిక్కటి సిరాలా అయ్యాయి. వాడి చేతులు వణకడం నేనూ చూశాను. అన్నయ్య ఆ చేతుల వంకే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ కళ్లు మూసుకున్నాడు. నీళ్లు ధారగా కారిపోయాయి. మాట పోయిన దగ్గర్నుంచి వాడు ఏడవడం అదే మొదలు. అమ్మ కొడుకు ముఖమే చూస్తోంది. ఊరంతా కొడుకు ముఖమే చూస్తోంది. "స్వామియే శరణమయ్యప్పా" అని ఎవరో అందుకున్నారు.

నేను సాంబయ్యని చూస్తున్నాను. వాడు వేళ్లు పళ్లెంలో ముంచాడు. చెయ్యి పైకెత్తాడు. నెత్తి దాకా తీసుకెళ్లాడు. అటూ ఇటూ చూసి, ఒక్క చుక్క కూడా నెత్తిన పడనీకుండా, భుజం మీది తువ్వాలుకి తుడిచేసుకున్నాడు. అందరి నీళ్లూ చల్లుకున్నవాడు మా అన్నయ్య నీళ్లు చల్లుకోలేదు. మా తాత మట్టి వాడి నెత్తికి అంటకూడదట! చేనైతే కావాలి, మట్టి వద్దు. పళ్లెం పాలేరుకిచ్చి గొంతు తగ్గించి "పారబొయ్" అన్నాడు. ఆ అబ్బాయి తీసుకెళ్లి వీధి కాలవలో కుమ్మరించాడు. మురికినీళ్లలో మా పెద్దచేను కలిసిపోవడం నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. అరుద్దామనుకున్నాను. అప్పటికే అన్నయ్య విస్తరి ముందు కూర్చుని అన్నం కలుపుతున్నాడు. ఆవురావురుమంటూ తింటున్నాడు. నోరు మూసుకున్నాను.

ఇంటికొచ్చి అన్నయ్య, "అమ్మా, మజ్జిగుంటే ఇవ్వు" అన్నాడు. అంతకుముందు ఎన్నాళ్ల కింద విన్నామో ఆ గొంతు. అమ్మ చెంబు పట్టుకుని కాళ్లూ చేతులూ ఆడక వంటింట్లోనే తిరిగింది. వాడు శబరిమల వెళ్లొచ్చాడు, అమ్మ చేత మాల తీయించుకున్నాడు, మళ్లీ కాడి కట్టాడు. పెళ్లి చేసుకున్నాడు. చచ్చేదాకా ఒకరి చేలు కౌలుకి చేసుకుని బతికాడు, సొంతానికి ఒక్క సెంటు కొనలేదు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. సాంబయ్య పోయినప్పుడు పాడె మోశాడు కూడా. ఆ రోజు నేను వాడితో నానా మాటలూ అన్నాను. వాడు నవ్వి, అప్పుడు చెప్పాడు.

"అమ్మాయ్, ఆ రోజు నేను కత్తి తీసుకునే బయల్దేరానే. మాలలో ఉండి కత్తితో గడప ఎక్కలేక పెద్దచేను గట్టు మీద గుచ్చి వచ్చాను. భిక్ష అయ్యాక తీసుకుని మళ్లీ వద్దామనుకున్నా. కానీ కాళ్లు కడుగుతుంటే ఆయన చేతులు వణికాయే. చేసిన పని తెలిసి వణికిపోయాడు పాపం. మనకంటే ఎక్కువ బాధ పడుతున్నాడనిపించింది. మన మట్టి నెత్తిన చల్లుకున్నాడు, ఇంకేం కావాలే? మళ్లీ గట్టు మీదకి వెళ్లలేదు."

భయంతో వణికాయిరా అన్నయ్యా! పశ్చాత్తాపంతో కాదు. నువ్వు కళ్లు మూసుకున్నావు. వాడు చల్లుకోలేదు. చూసింది నేనొక్కదాన్ని. ఇదీ నేను అదిమిపెట్టుకున్న సంగతి. లేని పశ్చాత్తాపాన్ని నమ్మి బతికాడు మా అన్నయ్య. ఆ నమ్మకమే వాణ్ణి హంతకుడు కాకుండా కాపాడింది, మా వదినకి మొగుణ్ణి, మా అమ్మకి కొడుకుని ఇచ్చింది. అంచేత నోరెత్తలేదు. దేవుడే బాగు చేశాడంటే సరే, దేవుడికి దణ్ణం. కానీ ఆ పుణ్యం ఎత్తుకెళ్లి సాంబయ్య ఖాతాలో వేస్తే మాత్రం ఊరుకోను. వాడి ఫోటో ఇప్పుడు ఊరి మొదట్లో ఫ్లెక్సీ మీద ఉంది, 'ధర్మదాత' అని రాసి. వాడి కొడుకు కొట్టుకి అద్దాల తలుపులు పెట్టించాడు, ఏసీ పెట్టించాడు. లోపల అవే డబ్బాలు, కొత్త పేర్లతో. ఇప్పుడు దోమ బదులు ఇంకో పురుగు. గట్టు అవతలివాడు కొట్టాడని ఇవతలివాడు ఇప్పటికీ పరుగెత్తుతూనే ఉన్నాడు. కల్లాల్లో ఆరాల్సిన మిరపకాయలు హైవే పక్కన కోల్డ్ స్టోరేజీల్లో నిద్రపోతున్నాయి, వాటిని పండించినవాడికి మాత్రం నిద్ర లేదు. మందు కొట్టొచ్చిన మొగుడి అరచేతులు వాసన చూసే ఆడవాళ్లు ఉన్నారో లేదో నాకు తెలియదు. మా అన్నయ్యకి నయమైంది, సంతోషం. నాకు కాలేదు. కానక్కర్లేదు కూడా.

పెద్దకర్మ నాడు విస్తరి ముందు నుంచి లేచి నేను ఎక్కడికీ పోలేదు, తిన్నగా పెద్దచేనుకి వెళ్లాను. పొద్దున వాన పడింది. చెప్పులు చేతిలో పట్టుకుని లోపలికి నడిచాను. ఎవరిదో మిరప తోట. కలుపు తీస్తున్న ఒకామె తలెత్తి, "ఎవరమ్మా? ఎవరు కావాలి?" అంది. "ఎవరూ అక్కర్లేదమ్మా, ఊరికే వచ్చాను" అన్నాను. మడమల కింద మడమలు మొలిచేదాకా తిరిగాను. ఈ మోకాళ్లతో ఆ బరువు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి వదిన అరుగు మీద నిలబడి చూస్తోంది. "ఇదేం పనే తల్లీ, ఈ వయసులో! కాళ్లు కడుక్కో" అంది. పళ్లెం తెమ్మన్నాను. ఎందుకని అడిగింది. తెమ్మన్నాను, అంతే. గాబు పక్కన కూర్చుని, పళ్లెంలో కాళ్లు పెట్టి, నా కాళ్లు నేనే కడుక్కున్నాను. ఆ నల్లనీళ్లు దోసిట్లోకి తీసుకుని, పందిట్లో ఉన్నవాళ్లందరూ చూస్తుండగా, నెత్తిన చల్లుకున్నాను. మిగిలినవి కరివేపాకు చెట్టు మొదట్లో పోశాను. నుదుటి మీదకి కారిన మట్టిని వదిన కొంగుతో తుడవబోయింది. ఉండనివ్వమన్నాను.